ఎడమచేతికి పాట నేర్పుదాం: 3వ పాఠం, షోపాన్ బి మైనర్ ప్రెల్యూడ్

పోయిన పియానో పాఠంలో స్వరకర్త షూమన్ రాసిన "హ్యాపీ ఫార్మర్" మొదలుపెట్టాం కదా, అందులో మెలొడీ (పాట వరస) అంతా ఎడమచేతిదే, కుడిచేయి మధ్యమధ్యలో కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు) అందిస్తుంది. అది ఆగకుండా వాయించగలుగుతుంటే ఈ పాఠంలోకి రండి. ఇంకా తడబడుతుంటే ఇంకో వారం దానితోనే ఉండండి, తొందరేం లేదు.

ఈసారి స్వరకర్త షోపాన్ ఓపస్ 28లో (ఓపస్ అంటే రచన సంఖ్య) 6వ ప్రెల్యూడ్, అంటే ఒక చిన్న పియానో రచన. 1839లో అచ్చయిన 24 ప్రెల్యూడ్లలో ఇదొకటి, మొత్తం 26 బార్లే (మన ఆవర్తనాల్లాంటి విభాగాలు). వేగం అక్కర్లేదు, షోపానే "లెంటో అస్సాయ్", అంటే బాగా నెమ్మదిగా అని రాశాడు. అందుకే నాకు ఇది ఎడమచేతికి అన్నిటికంటే మంచి పాఠం అనిపిస్తుంది, ఎందుకంటే మన ఎడమచేయి వెనకబడటానికి కారణం చాలాసార్లు బలం తక్కువై కాదు, ఏళ్ల తరబడి దానితో తాళం వేయించామే గానీ పాట పాడించలేదు.

ముందు ఒక పని చేయండి. ఎడమచేతి మెలొడీని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన కుడిచేత్తో వాయించండి. ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటోంది అని వినండి, నోటితో పాడండి కూడా. ఇప్పుడు అదే ఎడమచేత్తో. తేడా వెంటనే తెలుస్తుంది, ఆ తేడానే మీ ఈ వారం పని.

మెలొడీ కింది స్వరాల నుంచి పైకి ఎక్కుతుంది కదా, అక్కడ చిటికెన వేలితో మొదలై బొటనవేలి వైపు వస్తాం. చాలామంది చేయిని ఒకేచోట పెట్టి వేళ్లు మాత్రం చాపుతారు, దాంతో మణికట్టు బిగుసుకుపోతుంది. చాపొద్దు. ఏ వేలు వాయిస్తుంటే మణికట్టు, ముంజేయి ఆ వేలి వెనక్కి జరగాలి. ఇంకో చిక్కు బొటనవేలు: అది సహజంగానే బరువు, మీరు అనుకోకపోయినా టక్కుమని మోగుతుంది. పైకి చేరేటప్పుడు దాన్ని కీ పక్కనుంచి తేలిగ్గా ఆనించండి. నొప్పి మొదలైతే వెంటనే ఆపేయండి, ఓర్చుకుని వాయించడం సాధన కాదు.

కుడిచేతిది వేరే సమస్య. ఒకే కార్డ్ పదేపదే వస్తుంది కాబట్టి అది మెలొడీని మింగేస్తుంది. దీనికి నేను వాడే పద్ధతి చెప్తాను: ఎడమచేయి నిండుగా మోగించండి, కుడిచేయి మాత్రం శబ్దం రాకుండా కీల మీద తాకుతూ లయ నడపాలి. రెండు మూడు రోజులయ్యాక కుడిచేతి శబ్దాన్ని కొంచెంకొంచెంగా రానివ్వండి. కార్డ్ కొట్టిన ప్రతిసారీ కీని పూర్తిగా పైకి వదలకండి, సగం పైకొచ్చాక మళ్లీ నొక్కితే మెత్తగా వస్తుంది, కానీ ఇది గ్రాండ్ పియానో మీద బాగా కుదురుతుంది, చాలా అప్‌రైట్లలో (నిలువు పియానోల్లో) అంతగా కుదరదు.

పెడల్ (స్వరాన్ని మోగుతూ ఉంచే కాలి మీట) చివరి రెండు రోజులకే ఉంచండి. ముందే వేస్తే ఎడమచేతి తప్పులన్నీ దానికింద దాక్కుంటాయి.

రోజుకి ఎనిమిది బార్లు చాలు. మెట్రోనోమ్ (లయకి క్లిక్ కొట్టే పరికరం) నిమిషానికి 60 మీద, ఒక్కో క్లిక్‌కి ఒక ఎయిత్ నోట్ (ఇక్కడ అర బీట్). ఏడో రోజు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, కళ్లు మూసుకుని వినండి: కార్డ్స్ ముందు వినిపిస్తే మళ్లీ శబ్దం లేని సాధనకి వెళ్లండి, పాట ముందు వినిపిస్తే వచ్చే పాఠంలో స్వరకర్త బాఖ్ ఇన్వెన్షన్ (రెండు పాటలు కలిసి నడిచే చిన్న రచన) మొదలుపెడదాం, అక్కడ రెండు చేతులకీ ఒకే పని.