గంగజాతర వేషాలతో ఫొటోలు తీసుకునే ముందు

మే వచ్చిందంటే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర సందడే. మొక్కున్న భక్తులు ఒళ్లంతా తెల్ల నామంసుద్ద పూసుకుని బైరాగి వేషం, కుంకుమతో బండ వేషం, బొగ్గుతో తోటి వేషం వేస్తారు. ఆ వేషాలతో ఫొటోషూట్ అనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• కుంకుమ. బండ వేషానికి ఒళ్లంతా పూస్తారు. చవక ప్యాకెట్లలో కృత్రిమ రంగులుంటాయి, ఒళ్లు మండిపోతుంది. ముందురోజే మోచేతి మడతలో కాస్త రాసి తెల్లారేదాకా చూడండి. దద్దురొస్తే ఆ ప్యాకెట్ పారేయండి. పిల్లలకైతే కళ్ల చుట్టూ అసలు పూయొద్దు.

• మొక్కున్న భక్తుల్ని ఆపి పోజులడగొద్దు. వాళ్లది నటన కాదు, మొక్కుబడి. మీ షూట్‌కు మీవాళ్లకే వేషం వేయండి, అదీ గుడికి దూరంగా.

• ఉదయం ఎనిమిదికల్లా ముగించండి. తొమ్మిది దాటితే చెమటకు నామంసుద్ద చారలు కడుతుంది, బొగ్గు కారి కళ్లలో పడుతుంది.

• తోటి వేషానికి బొగ్గు పూసేముందు ఒంటికి కొబ్బరినూనె పట్టించండి. కడిగేటప్పుడు తేలిగ్గా వదులుతుంది, ఫొటోలో మెరుపూ వస్తుంది.

• కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేయొద్దు. అది బొగ్గు పూసిన ఒంటిని బూడిదరంగుకు లేపేస్తుంది, బైరాగి తెలుపును మసకబారుస్తుంది. మొదటిదానికి ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు) తగ్గించండి, రెండోదానికి పెంచండి. నా లెక్కన ఈ వేషాల ఫొటోలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

• చంద్రగిరి కోటలో తీయాలనుకుంటే ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి. లేకపోతే వేషంతోనే వెనక్కి రావాలి.

• వేషానికి వాడే వేపమండలు అదే పొద్దున కోయించండి, రాత్రివైతే వాడిపోతాయి.