“వెళ్తూ ఉంటాను” అన్నప్పుడల్లా “విల్ బి గోయింగ్” రాదు

ఇంగ్లిష్‌లో ఫ్యూచర్ కంటిన్యువస్ టెన్స్, అంటే ముందు ముందు ఒక టైముకి నడుస్తూ ఉండే పనిని చెప్పే రూపం, కట్టడం తేలికే. “విల్ బి” పెట్టి, క్రియకు ఐఎన్‌జీ తగిలిస్తే సరి. ఐ అయినా, హి అయినా, దే అయినా “విల్ బి” మారదు. నా సాయంత్రం బ్యాచ్‌కి వచ్చే హోటల్ రిసెప్షన్ పిల్లలు దీన్ని మొదటి రోజే పట్టేస్తారు. ఆ తర్వాత కనబడ్డ చోటల్లా వాడేస్తారు. తంటా అక్కడే.

మన “వెళ్తూ ఉంటాను” రెండు పనులు చేస్తుంది. “రేపు రాత్రి ఈ పాటికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ ఉంటాను” అంటే ఆ టైముకి ప్రయాణం మధ్యలో ఉంటానని. దానికి “ఐ విల్ బి ట్రావెలింగ్” సరిగ్గా సరిపోతుంది. “ఆదివారాలు గుడికి వెళ్తూ ఉంటాను” అన్నది అలవాటు. అక్కడ “ఐ గో టు ద టెంపుల్ ఆన్ సండేస్” అంటే చాలు. నోరు తెరిచే ముందు “ఏ టైముకి?” అని ఒకసారి చూసుకోండి. ఆ టైముకి పని మొదలై, ఇంకా నడుస్తూ ఉండేదైతే ఈ టెన్స్ వాడండి.

మొదలై ఉండటమే కీలకం. “వెన్ యు కమ్, ఐ విల్ బి కుకింగ్” అంటే మీరొచ్చేసరికే కూర పొయ్యి మీద ఉంటుంది. “ఐ విల్ కుక్” అంటే మీరొచ్చాకే పొయ్యి వెలిగిస్తాను. ఆకలితో వచ్చేవాళ్లకి ఇది చిన్న తేడా కాదు మరి! అన్నట్టు, ఇలాంటి చోట “వెన్ యు విల్ కమ్” అనకండి, తప్పు.

రిసెప్షన్ పిల్లలకి రూల్ కన్నా ముందు నేను బట్టీ పట్టించే వాక్యం ఒకటుంది: “విల్ యు బి చెకింగ్ అవుట్ టుమారో, సర్?” అతిథి ప్లాన్ ఏమిటో మర్యాదగా కనుక్కోవడం ఇది. “విల్ యు చెక్ అవుట్ టుమారో?” అంటే గది ఖాళీ చేస్తారా లేదా అని నిలదీసినట్టు వినిపించొచ్చు.

వాంట్, బిలీవ్ లాంటి మాటలకు మామూలుగా ఐఎన్‌జీ వద్దు. హ్యావ్ సంగతి వేరు. భోజనం చేయడమైతే “ఐ విల్ బి హ్యావింగ్ డిన్నర్” అనొచ్చు. సొంత కారు ఉంటుందని చెప్పాలంటే మాత్రం “ఐ విల్ హ్యావ్ ఎ కార్” అనే అనాలి.

ఇంకో వాడకం ఉంది, దానికి భవిష్యత్తుతో పనే లేదు. ఇక్కడ ఉదయం 10 అయితే డల్లాస్‌లో రాత్రి 10:30, వేసవిలోనైతే 11:30. అక్కడున్న కొడుక్కి అప్పుడు ఫోన్ చేయబోతుంటే “హి విల్ బి స్లీపింగ్ నౌ” అంటాం. అది ఊహ. తెలుగులోనూ “ఇప్పుడు పడుకుని ఉంటాడు” అనే అంటాం కాబట్టి, దీన్ని విడిగా నేర్పాల్సిన పని నాకు పెద్దగా పడదు.