ఇంట్లో నిశ్శబ్ద గది - పాఠం 4: తలుపు కింద సందు

మూడో పాఠం చదివి గోడలకు ఫోమ్ పలకలు అంటించిన చాలామంది ఒకటే అడుగుతున్నారు: ఇంత ఖర్చు పెట్టినా హాల్లో టీవీ అలాగే వినిపిస్తోందేమిటి? ఈసారి కిటికీ చెప్పుకోవలసింది, వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఈ ముడి విప్పకుండా ముందుకు వెళితే మీ డబ్బు ఇంకా వృథా అవుతుంది.

ఫోమ్ చేసేది గదిలో పుట్టిన శబ్దం గోడకు తగిలి వెనక్కి రాకుండా పీల్చుకోవడం. మీరు పాట రికార్డు చేసుకునేటప్పుడు ప్రతిధ్వని తగ్గుతుంది, అంతవరకే. బయటి శబ్దం ఆగాలంటే బరువు ఉండాలి, సందు ఉండకూడదు. ఫోమ్ ముక్కకు నోరు ఆనించి ఊదండి, అవతల అరచేతికి గాలి తగులుతుంది. గాలి దూరే చోట శబ్దమూ దూరుతుంది. గుడ్ల అట్టలు అంటించినవాళ్లు మాత్రం ఈరోజే తీసేయండి. వాటికి బరువూ లేదు, నిప్పు అంటుకుంటే ఆగవు కూడా.

గోడ గురించి బెంగ వద్దు. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడే 40 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలమానం) దాకా ఆపుతుంది. దొంగ తలుపు దగ్గర ఉన్నాడు.

"బరువైన టేకు తలుపు పెట్టించాను, అయినా లాభం లేదు" అనే మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. లెక్క చూడండి. తలుపు 84 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు అనుకుందాం: 3,024 చదరపు అంగుళాలు. కింద అర అంగుళం సందు: 18 చదరపు అంగుళాలు, అంటే 168వ వంతు. అంత చిన్న సందే తలుపు మొత్తాన్ని 22 డెసిబెల్స్ దగ్గర కట్టేస్తుంది. తలుపు ఇనుముదైనా ఆ హద్దు దాటదు. 20 డెసిబెల్స్ ఆపే బోలు ఫ్లష్ డోర్ తీసేసి, 30 ఆపే తలుపు బిగించారనుకోండి. సందు అలాగే ఉంటే మొదటిదానితో మీకు దక్కేది 18, రెండోదానితో 21.6. పది డెసిబెల్స్‌కు డబ్బు కట్టి మూడున్నర ఇంటికి తెచ్చుకున్నారు. పది తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది, మూడు తగ్గితే తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది.

ఫ్లాట్లలో వీధి గుమ్మానికి తప్ప లోపలి గదులకు గడప ఉండడం లేదు. నేనైతే గడపే పెట్టిస్తాను: నేలకు ఒక చెక్క పట్టీ బిగించి, తలుపు వచ్చి ఆనే ముఖానికి రబ్బరు గాస్కెట్ అంటిస్తే చాలు. ఇంట్లో కాలు తట్టుకునే పెద్దవాళ్లు ఉంటే, తలుపు వేయగానే రబ్బరు కిందికి దిగే పట్టీ కొనండి. కుచ్చులా ఉండే బ్రష్ పట్టీ నేను వాడను. దుమ్మును ఆపుతుంది గానీ వెంట్రుకల మధ్య గాలిని ఆపలేదు.

తలుపు మిగతా మూడు అంచులకూ ఇలాగే గాస్కెట్ వేయండి. తలుపులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారితే అక్కడ రబ్బరు నొక్కుకోవడం లేదన్నమాట.

గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గదిలో వెంటిలేటర్ గానీ తలుపు కింద సందు గానీ మూయవద్దు, ప్రాణాలు పోతాయి. పడకగదిని కూడా గాలి ఆడకుండా బిగించి రాత్రంతా పడుకోవద్దు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు.

అభ్యాసం: ఒక రాత్రి పూర్తిగా పడుతుంది. వీధి సద్దుమణిగాక హాల్లో ఒక ఫోనులో ఎడతెగని హోరు పెట్టండి, గదిలో మరో ఫోనులో డెసిబెల్ యాప్ తెరవండి. తలుపు కింద, తలుపు అంచులు, ఏసీ పైపు రంధ్రం, హాలు వైపు గోడలోని స్విచ్‌బోర్డు - ఒక్కోదాన్ని టేపుతో మూసి, అంకె రాసి, టేపు తీసేయండి. తర్వాత అన్నీ మూసి, ఒక్కోదాన్నే తెరిచి చూసి, మళ్లీ మూయండి. ఈ రెండో వరుసే ముఖ్యం: పెద్ద సందు తెరిచి ఉన్నంతసేపూ చిన్న సందుల సంగతి బయటపడదు. ఫోను చూపే అంకె కచ్చితం కాదు, మనకు కావలసింది తేడా. ఎక్కడ టేపు తీయగానే అంకె బాగా పెరిగిందో అక్కడే మొదట పని మొదలుపెట్టండి. ఆ కాగితం దాచండి, కిటికీ పాఠంలో దానితోనే పని.