చార్టు చదవడం – 4వ పాఠం: కుడివైపు కాగితం అడ్డం పెట్టండి

ఈ వారం సపోర్ట్, రెసిస్టెన్స్ మొదలుపెడదామనుకున్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయినసారి 20 రోజుల, 50 రోజుల మూవింగ్ యావరేజ్‌ల (ఆ రోజుల సగటు ధర గీతల) క్రాస్‌ఓవర్, అంటే 20 రోజుల గీత 50 రోజుల గీతను పైకి దాటితే కొనమనే సూచన, చెప్పాక చాలామంది ఒకటే మాట రాశారు: "పాత చార్టులో బ్రహ్మాండంగా పనిచేసింది సార్, నేను కొన్నాక మాత్రం పడిపోయింది." కొందరైతే చార్టులే మోసమని తేల్చేశారు. అనుమానం మంచిదే. కానీ తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోకపోతే రేపు ఇంకో ఇండికేటర్‌తో మళ్లీ అక్కడే పడతారు.

ఒకాయన తన నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి పంపారు. ఒక బ్యాంకు షేరు, ఐదేళ్ల డైలీ చార్టు. కొనమని చెప్పిన క్రాస్‌ఓవర్లు ఐదు రాసుకున్నారు. ఐదూ లాభమే, ఎర్ర సిరాతో టిక్కులు కూడా పెట్టారు. అదే చార్టును ఎడమ చివర నుంచి నేను లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. ఆయన రాయని తొమ్మిదిలో ఏడు నష్టాలు.

ఆయన దాచలేదు, కంటికి ఆనలేదు, అంతే. షేరు బాగా పెరిగిన చోట రెండు గీతలూ విడిపోయి దూరంగా కనిపిస్తాయి. సైడ్‌వేస్‌లో, అంటే పెద్దగా పెరగక తగ్గక నడిచిన నెలల్లో చిక్కుపడ్డ దారంలా ఒకదానిమీద ఒకటి పడుంటాయి. నష్టాలు ఎక్కువగా ఆ చిక్కులోనే ఉంటాయి. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే తప్పు ఇదే, అందుకే ఇంత చెబుతున్నాను. పూర్తయిన చార్టులో జవాబు ముందే కనిపిస్తుంటుంది. మనం జవాబు చూసి లెక్క చేస్తున్నాం.

ఖర్చూ ఎవరూ రాయలేదు. 50,000 రూపాయల డెలివరీకి (షేర్లు మన ఖాతాలోకి తీసుకునే కొనుగోలుకు) ఎస్‌టీటీ, అంటే షేర్ల లావాదేవీ పన్ను, కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. రెండూ కలిపి సుమారు 100 రూపాయలు. పద్నాలుగుసార్లకు 1,400. స్టాంపు డ్యూటీ, డీపీ ఛార్జీలు (డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు అమ్మినప్పుడు పడేవి), బ్రోకరేజీ వేరే.

ఇక కాగితం సంగతి. స్క్రీన్ కుడివైపు ఒక తెల్లకాగితం అడ్డం పెట్టండి. ఒక్కో క్యాండిల్ (ఒక రోజు ధరలు చూపే కడ్డీ) వెడల్పు మాత్రమే జరపండి. జరిపే ముందు కొంటానా, ఆగుతానా, స్టాప్ లాస్ (నష్టం పెరగకుండా అమ్మేసే ధర) ఎంత అన్నది పెన్నుతో రాయండి. చార్టింగ్ యాప్‌లలో రీప్లే (పాత చార్టును ఒక్కో క్యాండిల్‌గా చూపేది) ఉంటుంది, అదీ సరిపోతుంది. నాకు మాత్రం కాగితమే ఇష్టం, ముందుకు తోసి చూసే చాన్స్ తక్కువ.

నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) చార్టును 2024 జూన్ 3 దగ్గర ఆపి చూడండి. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చిన తర్వాతి సోమవారం. నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరి, కొత్త గరిష్ఠం తాకి, 23,264 దగ్గర ముగిసింది. అంత పెద్ద ఎగురుడు చూశాక ఎవరి చేతికైనా కొనాలనే అనిపిస్తుంది. మరుసటి రోజు ఫలితాలు. ముగింపు 21,885 దగ్గర. ఆ వారం శుక్రవారానికి మళ్లీ 23,290. పూర్తి చార్టులో ఇప్పుడది ఒక చిన్న గాటు. ఆ మంగళవారం స్టాప్ లాస్ తగిలినవాళ్లకు అది గాటు కాదు.

"ఆప్షన్స్‌లో ఇదే పద్ధతి వాడొచ్చా?" అని ముగ్గురు అడిగారు. ఇప్పుడే వద్దు. 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే ముందస్తు ధర ఒప్పందాల్లో) వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు.

అభ్యాసం: మీకు తెలియని షేరు ఒకటి తీసుకోండి, ఐదేళ్ల చార్టు. కాగితం అడ్డం పెట్టి ప్రతి క్రాస్‌ఓవర్ రాయండి, ఖర్చు తీసేసి లాభనష్టం వేయండి. నాలుగు ఆదివారాలు పడుతుంది. అప్పటిదాకా డబ్బు పెట్టకండి. పేజీలు పంపేటప్పుడు కొట్టివేతలు అలాగే ఉంచండి, నేను ముందు చూసేది వాటినే.