వసతి గృహంలో కేసు సమావేశం: కూర్చునే ముందు జాగ్రత్తలు

పట్టణ నిరాశ్రయుల వసతి గృహాల్లో పనిచేసే బృందాల కోసం. కేసు సమావేశం అంటే గృహంలో ఉండే ఒక్కొక్కరి పరిస్థితి గురించి బృందం కూర్చుని మాట్లాడుకోవడం.

• ఎవరి గురించి మాట్లాడబోతున్నామో ఆ మనిషినే ముందు అడగాలి. రావాలనుకుంటే కుర్చీ వేయాలి. తన జబ్బు సంగతి అందరికీ తెలియడం ఇష్టం లేదంటే ఆ భాగం నర్సుతో విడిగా మాట్లాడుకోవాలి. మానసిక జబ్బు ఉన్నవారికి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గోప్యతను హక్కుగా ఇచ్చింది. తలుపు బార్లా తెరిచి ఫైలు పైకి చదివితే ఆ హక్కు ఏమైనట్టు?

• పూటకు మూడు నాలుగు కేసులు చాలు. పది పెట్టుకుంటే చివరివాళ్లకు సంతకాలే మిగులుతాయి.

• రాత్రి కాపలా ఉండేవారిని తప్పక పిలవాలి. ఎవరికి నిద్ర పట్టదో, ఎవరు మాత్రలు దిండు కింద దాస్తారో వారికే తెలుసు. వారి డ్యూటీ ముగిసే వేళకే సమావేశం పెట్టండి. మధ్యాహ్నం నిద్ర లేపి రప్పించడం అన్యాయం.

• ఆధార్ ఉందా, పింఛను ఏ ఊళ్లో నమోదైంది, క్షయ మందులు వాడుతుంటే ఎన్నో నెల నడుస్తోంది? ఇవి ముందే కనుక్కోండి. ఆరు నెలల చికిత్స మధ్యలో మనిషిని వేరే చోటికి మార్చాలంటే అక్కడి ఆరోగ్య కేంద్రంతో ముందే మాట్లాడి ఉండాలి.

• ఫైలులో “తాగుబోతు”, “మొండి” అని ఉంటే కొట్టేసి, జరిగింది రాయండి: “రెండు రాత్రులు తాగి వచ్చాడు, మూడో రాత్రి రాలేదు.”

• ఒంటరి పిల్లలు కనిపిస్తే సమావేశం దాకా ఆగకూడదు. వెంటనే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయాలి. 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి.

• మినిట్స్ పుస్తకంలో “ఎవరు”, “ఎప్పటిలోగా” అని రెండు గడులు ముందే గీసి ఉంచండి.