శ్రావణం పెళ్లిళ్లకు ముందే డిస్కు ఖాళీ చేస్తున్నారా? కాస్త ఆగండి

ఆషాఢం మా ఫోటో స్టూడియోల వాళ్లకు తీరిక నెల. శ్రావణం వచ్చిందంటే తిరుపతిలో కల్యాణ మండపాలు దొరకవు, కొండ మీద పెళ్లిళ్లు సరేసరి. నిండిపోయిన డిస్కును ఖాళీ చేసే పని అందుకే ఈ నెలలో పెట్టుకుంటాం. ఆ పనిలో చాలామంది పొరపడే చోటు సేవ్ చేసుకున్న సెర్చ్ ఫోల్డర్.

‘పెళ్లి ఫోటోలు’ అనో, ‘కిందటి ఏడాది వీడియోలు’ అనో ఒకసారి వెతికి, ఆ వెతుకులాటను సేవ్ చేసుకుంటే అది మామూలు ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది. విండోస్‌లో 2007 నాటి విస్టా నుంచి ఈ సౌకర్యం ఉంది. మ్యాక్‌లో దీన్నే స్మార్ట్ ఫోల్డర్ అంటారు. తెరిస్తే వేల ఫోటోలు, అన్నీ ఎంచుకుని చూస్తే వందల జీబీలు. నిజానికి అందులో ఒక్క ఫోటో కూడా లేదు. ఏమి వెతకాలో, ఎక్కడ వెతకాలో రాసిపెట్టిన చిన్న ఫైలు మాత్రమే అది. తిరుపతిలో ఏ మిద్దె ఎక్కినా శేషాచలం కనిపిస్తుంది. పది మిద్దెల మీది నుంచి కనిపించినంత మాత్రాన కొండలు పది కావు.

కాబట్టి ఆ సెర్చ్ ఫోల్డర్‌ను తీసేస్తే ఫోటోలు పోవు, డిస్కులో చోటూ రాదు. దాన్ని తెరిచి, లోపల కనిపించే ఫోటోను డిలీట్ చేస్తే మాత్రం అసలు ఫోటోనే పోతుంది.

ఈ తేడా తెలియక నేను ఒక పెళ్లివారి ఫోటోలు పోగొట్టాను. కెమెరా ఇచ్చే ఫైలు పేరు చివర నాలుగే అంకెలు ఉంటాయి. 9999 దాటితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మాఘమాసం పెళ్లిలో ఒక 0412, వైశాఖం పెళ్లిలో ఇంకొక 0412. సెర్చ్ ఫలితాల్లో రెండూ పక్కపక్కనే కనిపిస్తే, ఒకే ఫోటోకు రెండు కాపీలనుకుని ఒక వరుస మొత్తం తీసేశాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. పోయినవాటిలో పెళ్లికూతురి తాతగారు అక్షింతలు వేస్తున్న ఫోటోలున్నాయి. ఆ ఇంటికి వెళ్లి సంగతి చెప్పిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీకు అలాంటి రోజు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

సెర్చ్ ఫోల్డర్‌ను చూడడానికే వాడండి, తీసేయడానికి వాడకండి. తీసేయాలనుకున్న ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, అది ఉన్న అసలు ఫోల్డర్‌ను తెరిపించి, ఎవరి పెళ్లిదో, ఏ తేదీదో చూసుకున్నాకే డిలీట్ చేయండి. ఫలితాలన్నిటినీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసేటప్పుడు ఒకే పేరున్న ఫైలు అక్కడ ఉందని, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా అని విండోస్ అడుగుతుంది. సరే అన్నారా, ఒక పెళ్లి ఫోటో మీద ఇంకో పెళ్లి ఫోటో కూర్చుంటుంది. ఏ పెళ్లిని ఆ పెళ్లి ఫోల్డర్‌గానే కాపీ చేయడం మేలు.

మౌస్‌తో లాగేటప్పుడు ఇంకొక మెలిక ఉంది. అదే డ్రైవులో మరో ఫోల్డర్‌లోకి లాగితే ఫైలు చోటు మారుతుంది, ఖాళీ ఏమీ పెరగదు. బయటి హార్డ్ డిస్కులోకి లాగితే కాపీ అవుతుంది, అసలుది ఇక్కడే ఉంటుంది. కాపీ అయ్యాక బయటి డిస్కులోని ఫోల్డర్‌ను తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయో లేదో పోల్చండి. నాలుగైదు వీడియోలు చివరిదాకా నడిపి చూడండి. సెర్చ్‌లో వెతికి లెక్క చూసుకోవడం చాలదు, విండోస్ వెతకడానికి ముందే రాసిపెట్టుకునే జాబితాలో (ఇండెక్స్‌లో) చేరని చోట్లు ఆ ఫలితాల్లో రాకపోవచ్చు. పని మధ్యలో కరెంటు పోయినా కంప్యూటర్ ఆగిపోకుండా యూపీఎస్ ఉండాలి.

డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లో ఉన్నంతసేపు డిస్కులో చోటు పెరగదు. అది చూసి కంగారుపడి వెంటనే బిన్ ఖాళీ చేయకండి. పెన్ డ్రైవులో తీసేసినవి, షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసినవి అసలు బిన్‌లోకే రావు, కాబట్టి ఆ రెండు చోట్లా చెయ్యి నిదానించాలి. బిన్‌ను నేను ఇప్పుడు వారం ఆగి, ఆల్బమ్ పెళ్లివారి చేతికి చేరిందని నిర్ధారించుకున్నాకే ఖాళీ చేస్తున్నాను.