ఫోన్‌కి వైఫై వస్తోంది, ల్యాప్‌టాప్‌కి రావట్లేదు: ఎక్కడ చూడాలి?

ల్యాప్‌టాప్‌లో నెట్ రాకపోతే మనలో చాలామంది ముందు చేసే పని కేబుల్ అతనికి ఫోన్ కొట్టడం. అంతకంటే ముందు చేతిలో ఉన్న ఆ ఫోన్‌నే చూడండి. మొబైల్ డేటా ఆపేసి, ఇంటి వైఫైకి కలిపి, ఏదైనా కొత్త పేజీ తెరవండి. డేటా ఆపడం మరవొద్దు, లేకపోతే ఫోన్ చాటుగా సిమ్ నెట్ వాడుకుంటూ వైఫై బాగానే ఉందని నమ్మించేస్తుంది.

ఫోన్‌లోనూ రాకపోతే ల్యాప్‌టాప్‌ని వదిలేయండి. ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద ఎల్ఓఎస్ అని రాసిన లైటు ఎర్రగా వెలుగుతోందేమో చూడండి. వెలుగుతోందంటే ఆ పెట్టెకి ఫైబర్ సిగ్నల్ అందట్లేదు. కేబుల్ అతనికి ఫోన్ చేయాల్సింది అప్పుడు.

ఫోన్‌లో వస్తూ ల్యాప్‌టాప్‌లో రాకపోతే ముందు ఒక రీస్టార్ట్. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ తన స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. మొరాయించిన వైఫై డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) కూడా అదే మొరాయింపుతో లేవొచ్చు. అయినా రాకపోతే మీ లక్షణం ఏదో కింద చూసుకోండి.

ఒక్క వైఫై పేరు కూడా కనిపించట్లేదు

దసరా మర్నాడు మా పిన్ని ఫోన్ చేసింది. ఆయుధపూజకి ల్యాప్‌టాప్‌ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, బొట్టు పెట్టిందట. తెల్లారేసరికి నెట్ లేదు. "పూజ చేస్తే పోవడమేంట్రా?"

"కీబోర్డు పై వరుసలో విమానం బొమ్మ ఎక్కడుందో చూడు పిన్నీ."

"ఎఫ్12 మీద ఉంది."

ఒకసారి నొక్కింది, పేర్లన్నీ వచ్చేశాయి. తుడిచేటప్పుడు గుడ్డ కింద ఆ కీ పడి ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ అయింది, అంతే. మోడల్‌ని బట్టి ఆ బొమ్మ వేరే కీ మీద ఉండొచ్చు, ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాల్సి రావొచ్చు. పాత ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి పక్కన చిన్న జరుపుడు స్విచ్ ఉంటుంది.

అది కాకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరవండి. వైర్‌లెస్ లేదా వైఫై అన్న పేరు మీద కిందికి చూసే బాణం ఉంటే దాన్ని ఎవరో ఆపేశారు, ఎనేబుల్ చేయండి. పసుపు గుర్తు ఉంటే చాలాసార్లు డ్రైవర్ సమస్యే. విండోస్ అప్‌డేట్ తర్వాతే మొదలైతే ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి చూడండి. కొత్త డ్రైవర్ దించుకోవడానికి నెట్ ఏదీ అంటారా? ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కొన్ని చౌక కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా పంపవు. టెథరింగ్ ఆప్షన్ మసకగా ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి.

వైఫై పేరే ఆ లిస్టులో లేకపోతే ల్యాప్‌టాప్ తన వైఫై కార్డునే గుర్తించట్లేదు. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. మంత్రంలా అనిపిస్తుంది గానీ, లోపల మిగిలిన కరెంటు పోయి కార్డు మళ్లీ కనిపించిన సందర్భాలు నేను చూశాను. అయినా రాకపోతే కార్డు వదులైనా అయ్యుండాలి, పోయైనా ఉండాలి. విప్పించడం ఇష్టం లేకపోతే యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోవచ్చు.

పక్కింటి వైఫై కనిపిస్తోంది, మనది కనిపించట్లేదు

రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేస్తూ, ల్యాప్‌టాప్ పాతదైతే ఇలా అవుతుంది. చాలా పాత కార్డులకి 2.4 ఒక్కటే తెలుసు. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4ని కూడా ఆన్ చేయండి. 2.4లో ఉన్నా కనిపించకపోతే ఛానల్ చూడండి. 12, 13 ఛానళ్లని కొన్ని కార్డులు, ముఖ్యంగా అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లలోవి, పట్టించుకోవు. 1, 6, 11లో ఒకటి పెట్టండి.

పాస్‌వర్డ్ సరైనదే, ఒప్పుకోవట్లేదు

ఆ పేరు మీద ఫర్గెట్ నొక్కి, మళ్లీ కొత్తగా కలపండి. రౌటర్ కొత్తది, ల్యాప్‌టాప్ పాతది అయితే రౌటర్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీని కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 నుంచి పాత పద్ధతి డబ్ల్యూపీఏ2కి మార్చి చూడండి.

కనెక్ట్ అయింది, కానీ నెట్ లేదు

బుర్ర తినేది ఇదే. సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిచి ఐపీవీ4 అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ మీ ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇవ్వలేదని, అది తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. రౌటర్ ఆపి, అర నిమిషం ఆగి ఆన్ చేయండి. అదే పేజీలో ఐపీ అసైన్‌మెంట్ మాన్యువల్ అని ఉంటే ఆటోమేటిక్ చేయండి.

అడ్రస్ 192.168 లాంటిదైతే స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరిచి, అందులో పింగ్ (ping) అని, స్పేస్ ఇచ్చి, 8.8.8.8 కొట్టండి. జవాబులు వస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అనుమానం డీఎన్ఎస్ మీదికి, అంటే సైటు పేరుని దాని అంకెల అడ్రస్‌గా మార్చే ఏర్పాటు మీదికి పోతుంది. డీఎన్ఎస్‌ని మాన్యువల్ చేసి 8.8.8.8 లేదా 1.1.1.1 పెట్టండి. నెట్‌ని వేరే సర్వర్ గుండా మళ్లించే ఆఫీసు వీపీఎన్, ప్రాక్సీ ఆన్‌లో ఉండిపోయాయేమో కూడా చూడండి. ప్రతి సైటూ సురక్షితం కాదంటూ భయపెడితే మాత్రం కింద మూలన తేదీ చూడండి. లోపలి బటన్ బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజర్ ఏ సైటునీ నమ్మదు.

కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది

డివైస్ మేనేజర్‌లో వైఫై పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు పొదుపు కోసం దీన్ని ఆపొచ్చు అన్న చోట టిక్ తీసేయండి. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పెట్టినప్పుడే పోతుంటే దాన్ని వేరే పోర్టులోకి మార్చండి, దాని రొద 2.4 మీద పడుతుంది. మైక్రోవేవ్ తిరిగేటప్పుడు పోయినా సంగతి ఇదే. 5కి మారితే సరిపోతుంది.

ఏదీ కుదరకపోతే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. దాన్ని చివరికి ఎందుకు ఉంచానంటే, అది దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ తుడిచేస్తుంది, వీపీఎన్ కూడా మళ్లీ పెట్టుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ వాళ్లని అడగకుండా నొక్కొద్దు.